పాత కాగితములు – పాత లెక్కలు

మన రైతుల యిండ్లలో భోషాణములయందును, అటకలమీదను పాత కాగితములు కొన్ని తప్పక యుండును. క్రయ దస్తావేజులు, తనఖా పత్రములు, శిస్తు రసీదులు, భాగపంపకపు జాబితాలు, సంఘమునకు వ్రాసియిచ్చిన ఋణపత్రముల నకళ్లు – ఇవియే మన గ్రామముల నిజమైన చరిత్ర. రాజుల చరిత్రము వ్రాయుటకు పండితులు గలరు. రైతుల చరిత్రము తెలిసికొనగోరువాడు మాత్రము ఈ కాగితములనే విప్పవలెను. విప్పినంతనే అంకెలు కనబడును. అంకెలు మన మెరిగినవే. కాని వాని ప్రక్కనున్న అణా, వరహా, మణుగు, పుట్టి, తూము మొదలగు మాటలు నేటి యువకులు ఎరుగరు. ఎరిగినట్లు తోచుచునే మోసపుచ్చు మాటలు మరికొన్ని గలవు. తెలియని మాటకంటె ఇవియే యెక్కువ చేటు.

కృష్ణాతీరమందలి మా గ్రామమున నొక కుటుంబమువారు ఇటీవల తమ పెద్దలనాటి భాగపరిష్కార పత్రమును నాయొద్దకు దెచ్చిరి. 1911వ సంవత్సరమున ఇరువురు అన్నదమ్ములు వ్రాసికొన్న పత్రమది. చిన్నవాని సంతతివారికి తరతరములుగా నొక మనస్తాపము గలదు. ఉమ్మడి మామిడితోటలో తమ ముత్తాతకు ఏడణాలు చేతబెట్టి పంపివేసిరని వారు చెప్పుకొనుచుందురు. ఆ కారణమున పెద్దవాని యింటివారితో శుభకార్యములందు సయితము రాకపోకలు తగ్గినవి. పత్రము చదివిన యువకుడును ఆ మాటయే నిజమనెను. “చూడుడు తాతగారూ, ఏడణాలనియే వ్రాసియున్నది. అనగా నలువదినాలుగు పైసలే గదా!” అని వాపోయెను.

అందు మరికొన్ని నిబంధనలును గలవు. తల్లికి పెద్దవాడు సాలునకు ఊరి కుంచముతో ఒక పుట్టి ధాన్యమును, రెండు మణుగుల బెల్లమును, రు. 22-8-0 రొక్కమును ఇయ్యవలెను. ధాన్యమీయజాలని యేట పుట్టికి 40 రూపాయల చొప్పున సొమ్ము చెల్లింపవలెను. తన యొద్దనున్న చిన్నకోడలి నగలు, అయిదు తులముల బంగారము, తిరిగి యొప్పగింపవలెను. యువకుడు చేతిఫోనులో వెదకి, బెల్లము డెబ్బదియైదు కిలోలనియు, బంగారము ఏబది గ్రాములనియు, రొక్కము ఇరువదిరెండు రూపాయల ఎనుబది పైసలనియు తేల్చెను. ముసలితల్లి యొక్కతె యేటికి డెబ్బదియైదు కిలోల బెల్లమును ఏమిచేసికొనునని అడిగితిని. అతడు నవ్వి యూరకుండెను. ఆ పత్రములో తప్పులేదు. చదివిన తీరులో మాత్రము నాలుగు తప్పులు గలవు. ఇట్టివి ఏ యింటనైనను జరుగవచ్చును గనుక, ఆ లెక్కలను ఇచ్చట కొంత వివరింతును.

రూపాయి, అణా, పైస

1957వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీకి పూర్వము మన రూపాయికి నూరు పైసలు లేవు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు, వెరసి రూపాయికి 192 పైసలు. ఈ మూడింటిని మూడు గడులుగా వ్రాయుట ఆచారము. కావున రు. 22-8-0 అనగా ఇరువదిరెండు రూపాయల ఎనిమిదణాలు. నేటి లెక్కలో ఇది ఇరువదిరెండున్నర రూపాయలేగాని ఇరువదిరెండు రూపాయల ఎనుబది పైసలు కాదు. కూడికలోను ఇట్టి జాగ్రత్తయే వలయును. రు. 3-10-9కి రు. 2-7-6 కలిపినచో రు. 6-2-3 అగును. పైసలు పండ్రెండు కాగానే ఒక అణాయు, అణాలు పదునారు కాగానే ఒక రూపాయియు ఎడమగడికి పోవుచుండును. రెండణాలకు బేడయనియు, నాలుగణాలకు పావలా యనియు, అణాలో నాలుగవ పాలునకు కానీ యనియు పేర్లు.

పైస యను మాట మరియొక చిక్కు. మన జిల్లాల పాత లెక్కలలో పైస యనగా అణాలో పండ్రెండవ పాలు. దీనికే దమ్మిడి యని పేరు. ఉత్తర హిందూస్థానమున పైస యనగా అణాలో నాలుగవ పాలు, అనగా మన కానీ. 1957లో వచ్చిన నయాపైస రూపాయిలో నూరవ పాలు. 1964లో ‘నయా’ యను మాట తొలగి పైసయే మిగిలెను. ఇట్లు ఒకే మాట రూపాయిలో 192వ పాలును, 64వ పాలును, 100వ పాలును చెప్పుచున్నది.

ఇక ఏడణాల సంగతి. అణా యనునది నాణెమునకు మాత్రమే పేరు కాదు. దేనిలోనైనను పదునారవ పాలునకు పేరు. కొరతలేని దానిని పదహారణాలదని నేటికిని అందుము గదా. తోటలో ఏడణాల వంతు అనగా తోటను పదునారు పాళ్లుచేసి యందు ఏడు పాళ్లు. పెద్దవానికి తొమ్మిదణాల వంతు. అతనికి రెండు పాళ్లేల హెచ్చనగా, తల్లి మనోవర్తి భారమంతయు అతనిదే యగుటవలన నని క్రింది పంక్తియందే వ్రాసియున్నది. ఆ ముత్తాతను ఎవరును మోసపుచ్చలేదు. ఆ పంక్తి చదువక, మాట యెరుగక, మూడు తరములవారు మనసు కష్టపెట్టుకొనిరి. వీసము, కాని యను మాటలును ఇట్టివే. వీసము పదునారవ పాలు, కాని అరువదినాలుగవ పాలు. భాగపత్రములలో ఇవి కనబడినచో సొమ్మని భ్రమపడరాదు.

వరహాలు, హాలీ సిక్కాలు

ఇంకను వెనుకకు పోయినచో రూపాయియే కనబడదు. చెన్నపురి రాజధాని లెక్కలు 1818వ సంవత్సరము వరకు వరహాలలో నుండెను. వరహాకు 42 పణములు, పణమునకు 80 కాసులు. ఆ సంవత్సరమున వెండి రూపాయిని ప్రధాన నాణెముగ జేసి, నూరు వరహాలకు 350 రూపాయలని మారకము నిర్ణయించిరి. అనగా వరహా మూడున్నర రూపాయలు. 1800లో దత్తమండలములు కుంఫిణీ వారి వశమైన పిమ్మట సర్ తామస్ మన్రో అచ్చట సర్వే చేయించి శిస్తులు కట్టిన కాలము వరహాల కాలమే. ఒక గ్రామపు శిస్తు 120 వరహాలని యున్నచో దానిని 120 రూపాయలుగా చదివినవాడు ఆ రైతుల భారమును మూడవవంతు కంటె తక్కువకు దించినవాడగును. నిజమునకది 420 రూపాయలు. కాసు అను మాటయు కనిపెట్టవలసినదే. నాటి కాసు పణములో ఎనుబదవ పాలైన చిన్న రాగినాణెము. నేటి బంగారపు అంగడిలో కాసు అనగా ఎనిమిది గ్రాముల బంగారము.

తెలంగాణమందలి కాగితములలో హాలీ సిక్కా యుండును. నిజాము ప్రభుత్వపు రూపాయి యది. ఇంగ్లీషువారి రూపాయిని అచ్చట కల్దారు అనిరి. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైసలని మారకము. అనగా ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. 1948 తరువాతను కొంతకాలము హాలీ చెల్లి, 1950వ దశకమున తొలగింపబడెను. కావున వరంగల్లు రైతు పత్రమును, గుంటూరు రైతు పత్రమును ప్రక్కప్రక్కన బెట్టి ధరలు పోల్చువారు ముందుగా సిక్కా యేదో చూడవలెను.

తూకములు

1835లో కుంఫిణీవారు తమ రాజ్యమంతటికి ఒకే రూపాయిని ఏర్పరచిరి. దాని బరువు 180 గ్రెయిన్లు, అనగా ఒక తులము. మన నేటి తూకమున 11.66 గ్రాములు. అందుచేతనే రూపాయి నాణెమే తూకపురాయిగ కూడ పనికివచ్చెను. నేడు చాలచోట్ల పది గ్రాములనే తులమనుచున్నారు. 1911 నాటి అయిదు తులములు 58.3 గ్రాములు. ఏబది గ్రాములని లెక్కించినచో ఎనిమిది గ్రాములకు పైగా, ఒక కాసు బంగారము, లెక్కలోనే పోవును.

మణుగు ఇంతకంటె పెద్ద చిక్కు. తెలుగు జిల్లాల తూకము ఇట్లుండెను:

3 తులములు – 1 పలము
8 పలములు – 1 సేరు
5 సేర్లు – 1 వీశె
8 వీశెలు – 1 మణుగు
20 మణుగులు – 1 బారువ

ఈ మణుగునకు 960 తులములు, అనగా సుమారు 11.2 కిలోలు. వర్తకులు దీనిని స్థూలముగ 25 పౌన్లనిరి. రైలుశాఖవారును, ఉత్తరదేశీయులును వాడిన మణుగు వేరు. దానికి 80 తులముల సేర్లు నలువది. అనగా 3200 తులములు, 37.3 కిలోలు. ఒకటి మరియొకదానికి మూడింతలపైన. మన యువకుడు ఫోనులో చూచినది రైలు మణుగు. పత్రము వ్రాసినవారి మణుగు మన మణుగు. తల్లికి రావలసిన బెల్లము 22 కిలోల చిల్లర. ఇంటికి వచ్చిపోవు మనుమలకు, పండుగలకు, పథ్యములకు అది సరిపోవు మాటయే. లెక్క తేల్చిన తరువాత అది సంసారమునకు పొందునా యని ఒక్కమారు తలచుకొన్నచో సగము తప్పులు అచ్చటనే పట్టుబడును.

కొలపాత్రలు

ధాన్యమును మనవారు తూచలేదు, కొలిచిరి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరువది తూములు పుట్టి. ఈ వరుస తెలిసినంతమాత్రమున పుట్టికి ఇన్ని కిలోలని చెప్పరాదు. కుంచము జిల్లాకొక తీరుగ నుండెను. ఒకే తాలూకాలో రెండు తీరులును గలవు. పాత్ర అంచువరకు చదునుగా కొలిచిరా, గోపురముగ రాశిపోసి కొలిచిరా యనుదానినిబట్టియు తేడా వచ్చును. అందుకే తెలిసిన పెద్దలు “ఊరి కుంచముతో” నని వ్రాసికొనిరి. ఇచ్చువాడు చిన్న కుంచమును, పుచ్చుకొనువాడు పెద్ద కుంచమును తెచ్చు కాలమున ఆ రెండు మాటలే పేదరైతునకు రక్ష. మీ యింట పాత ఇత్తడి కుంచమో, మానికయో యున్నచో పాతసామానులవానికి అమ్మకుడు. ధాన్యము పోసి తూచి, ఆ బరువు ఒక కాగితముమీద వ్రాసి దానితో నుంచుడు. ఏ పుస్తకమును చెప్పజాలని సంగతి అది చెప్పును.

భూమి

మిక్కిలి పాత శాసనములలో భూమిని విత్తనములతో చెప్పిరి. ఇన్ని ఖండికల ఆరికలు విత్తదగిన క్షేత్రమని తూర్పు చాళుక్యుల తామ్రశాసనములలో గలదు. తూమెడు చేను, పుట్టెడు పొలము అను మన మాటలు ఆ పద్ధతివే. మంచినేలకును, చవిటినేలకును విత్తనము సమముగ పట్టదు గనుక ఆ కొలతను చదరపు గజములలోనికి మార్చబూనుట వ్యర్థము.

ఎకరము ఇంగ్లీషువారితో వచ్చినది. 66 అడుగుల గొలుసు ఒకటి. దానికి నూరు లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు గల నేల ఎకరము. అనగా 4840 చదరపు గజములు. ఆంధ్రజిల్లాలలో ఎకరమును నూరు సెంట్లు చేసిరి. సెంటు 48.4 చదరపు గజములు. తెలంగాణమున నలువది గుంటలు చేసిరి. గుంట 121 చదరపు గజములు, అనగా రెండున్నర సెంట్లు. కావున 6-20 అని వ్రాసియున్నచో గుంటూరున ఆరెకరముల యిరువది సెంట్లు; నల్లగొండలో ఆరెకరముల యిరువది గుంటలు, అనగా ఆరున్నర యెకరములు. ఈ రెంటి నడుమ ముప్పది సెంట్ల భూమి గలదు. గట్టు తగవులకు అంత నేల అక్కరలేదు, మూరెడు చాలును.

ఫసలీ

శిస్తు రసీదుమీద ఫసలీ యున్నచో చెన్నపురి రాజధాని లెక్కకు 590 కలుపవలెను. ఫసలీ 1309 అనగా 1899 జూలై మొదలు 1900 జూను వరకు. ప్రభవాది సంవత్సరముల పేరు మాత్రమే యున్నచో అరువదేండ్లకొకమారు అదే పేరు మరల వచ్చునని మరువరాదు. గుంటూరు సీమను నాశనముచేసిన కరవునాటి నందన 1832–33. మరల నందన 1892లోను, 1952లోను, 2012లోను వచ్చెను.

వడ్డీ

మన సంఘముల పాత పుస్తకములలో వడ్డీ నూటికి ఇంతయని కాక, రూపాయికి నెలకు ఇన్ని పైసలని యుండును. రూపాయికి నెలకు ఒక పైస యన్నచో నూరు రూపాయలకు సాలునకు రు. 6-4-0. ఒకటిన్నర పైస యన్నచో రు. 9-6-0, దీనినే తొమ్మిదియు మూడెనిమిదవ పాళ్లు వడ్డీ యనుచుండిరి. గ్రామములలో నేటికిని “రెండు రూపాయల వడ్డీ” యనగా నూటికి నెలకు రెండు రూపాయలు, అనగా సాలునకు 24. ఒకచోట రూపాయికి పైసలు, మరియొకచోట నూటికి రూపాయలు. ఈ భేదము తెలిసినగాని 1904 చట్టము తరువాత పుట్టిన సహకార ఋణసంఘములు రైతునకు చేసిన మేలు అంకెలలో కనబడదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన నూరు రూపాయలను తీర్చి, ఒకటిన్నర పైస వడ్డీకి సంఘమునందు తీసికొన్నవానికి సాలునకు రు. 14-10-0 మిగులును.

కరవునాటి అంకెలు

1876–78 సంవత్సరముల కరవు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను క్షోభపెట్టెను. ధాత సంవత్సరమున నారంభమైనందున దానికి ధాత కరవని పేరు. దానిని గూర్చిన గ్రంథములలో ధరలు రూపాయికి ఇన్ని సేర్లని యుండును. ఇందు అంకె తగ్గినకొలది ధర పెరిగినట్లు. రూపాయికి ఇరువది సేర్లు ఎనిమిది సేర్లైనవనగా ధర రెండున్నర యింతలైనదని యర్థము. అంకె తగ్గుట చూచి ధాన్యము చౌకయైనదని తలచువాడు కరవును సుభిక్షముగ చదివినవాడగును.

1877లో హిందూదేశ ప్రభుత్వమువారు పంపిన సర్ రిచర్డు టెంపుల్, కరవుపనులలో రాళ్లు కొట్టు పురుషునకు దినకూలి ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ అది ప్రాణము నిలుపజాలదనియు, పౌనున్నర ధాన్యమైనను వలయుననియు వాదించెను. పౌను, పౌనున్నర యని చదివి దాటిపోయినచో ఇది ఇరువురు దొరల వాదముగ తోచును. తూకము తెలిసినవానికి అట్లు తోచదు. పౌను అనగా 454 గ్రాములు, మన ముప్పదితొమ్మిది తులములు. అణా రూపాయిలో పదునారవ పాలు. ధర రూపాయికి 80 తులముల సేర్లు ఎనిమిది యనుకొందము. ఆ అణాకు అరసేరు, అనగా 467 గ్రాములు మాత్రమే వచ్చును. అంతయు ధాన్యమునకే పెట్టినచో ఉప్పు, మిరప, వంటచెరకు, పప్పు లేవు. పగలంతయు సమ్మెటపట్టిన మనిషి బ్రదుకు ఆ చిల్లరపై ఆధారపడెను. కొన్ని మాసములకే ఆ కూలిని మరల పెంచవలసివచ్చెను. అరపౌను ధాన్యము ఎంతయో మన గృహిణులకు చేటలో పోసి చూపినచో, ఆ వాదమున పణముగ నున్నదేమో వేరుగ చెప్పనక్కరలేదు.

పౌన్లు, షిల్లింగులు

పౌను తూకమునకు మాత్రమే కాక, ఇంగ్లండు సొమ్మునకును పేరు. 1971 వరకు పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అనగా పౌనుకు 240 పెన్నీలు. 1870కి పూర్వము రూపాయికి సుమారు రెండు షిల్లింగులు గనుక పౌను పది రూపాయలు. వెండి ధర పడిపోయి, 1893లో టంకశాలలు ప్రజల వెండిని నాణెములుగ కొట్టుట మాని, తుదకు రూపాయి 16 పెన్నీలవద్ద నిలిచెను. పౌను 15 రూపాయలు. 1927లో రూపాయికి 18 పెన్నీలని చట్టము చేసిరి. అప్పుడు సీమలో నూరు పౌన్లకు అమ్ముడుపోయిన ప్రత్తికి 1500 రూపాయలకు మారుగ రు. 1333-5-4 మాత్రమే వచ్చును. రూపాయికి రెండు పెన్నీల మార్పు ప్రత్తిరైతు చేతిలోనుండి రు. 166-10-8 తీసివేసెను. అందుకే నాటి నాయకులు దానిని గూర్చి అంత వాదించిరి.

విలువ యెట్లు తెలియును?

పాత సొమ్మును నేటి సొమ్ముగ మార్చుట యెట్లని పలువురు అడుగుదురు. ఇరువదిరెండున్నర రూపాయలు తల్లికి ఏ మూలకని ఆ యువకుడును అడిగెను. దానికి నేటి రూపాయి కొలకఱ్ఱ కాదు. ఆ పత్రమే సమాధానము చెప్పుచున్నది. పుట్టికి 40 రూపాయలన్నారు గదా. అనగా తూమునకు రెండు రూపాయలు. రు. 22-8-0కు పదునొకండు తూముల ఒక కుంచము ధాన్యము వచ్చును. ఒక పుట్టి గింజలతోబాటు మరియొక అరపుట్టికి మించిన గింజలకు సరియైన సొమ్ము ఆమెకు ముట్టినది. ఇట్లే ఆ కాలపు సొమ్మును ఆ కాలపు గింజలలోను, ఆ కాలపు కూలిదినములలోను కొలువవలెను. అప్పుడుగాని “అంతయు చౌకయే, సుఖముగ బ్రతికిరి” అను మాటయు, “కాసులకై అలమటించిరి” అను మాటయు ఎంతవరకు నిజమో తెలియదు.

కావున సభ్యులారా, పాత కాగితమున అంకె కనబడినంతనే మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఏ కొలత? ఏ ఊరి కొలత? ఏ యేటి కొలత? ఈ మూడింటికి జవాబు దొరకకమునుపు లెక్క కట్టకుడు. ఎవరిమీదను నింద మోపకుడు. దస్తావేజులోని ప్రతి పంక్తిని తుదివరకు చదువుడు. ఇంటిలో తొంబదియేండ్ల పెద్ద లెవరైన నున్నచో వారి నడిగి, మీ గ్రామపు కుంచము, మీ గ్రామపు మణుగు ఎంతయో వ్రాసియుంచుడు. వారు పోయిన తరువాత ఆ సంగతి చెప్పువారుండరు.

ఆ కుటుంబమువారు పత్రమును మడిచి తీసికొనిపోయిరి. మరునాటి సాయంకాలమున ఆ యువకుడు దానిని పట్టుకొని పెద్దవాని వారసుల యింటి అరుగుమీద కూర్చుండి, తొమ్మిదణాలు, ఏడణాలు అని వ్రేళ్లు మడిచి వారికి చెప్పుచుండగా చూచితిని.